కానుగ గుంతలో కుళ్లాయప్ప

ఎదురుకొండ ఎవరికిస్తాడు సామి? ఆరుద్ర కార్తె మొదటి వాన పడిన పొద్దున కుళ్లాయప్పకు ఇదొక్కటే బెంగ. మామూలు బెంగ కాదు, తక్కెడలో వేస్తే అవతలి తట్టలో కొండే తేలిపోయేది.

నన్నేసాబు సామి ఫకీరు. ఏటా వానలకు ముందు శిష్యులనూ, కూలిజనాన్నీ వెంటేసుకుని, ఊళ్లకు దూరంగా ఏదో ఒక బోడికొండ కింద గుడారాలు వేస్తాడు. వానలు వెనక్కి మళ్లేదాకా మొక్కలు నాటడమే అక్కడ పూజ. ఆ ఏడు ఆయన మోకాళ్లు మొరాయించాయి. "ఈ కొండ అయినాక ఎదురుకొండకు ఈసారి మీలో ఒకడే పెద్దగా ఉండి జనాన్ని తీసుకుపోవాల. ఎవరో సాయంత్రం చెబుతా" అన్నాడు.

అంతే! కుళ్లాయప్ప కాళ్లకు చక్రాలు మొలిచాయి.

ఆ వాన ఏం వాన తల్లీ! ఒక్కో చినుకు గుమ్మడికాయంత. తడిమట్టి వాసనకు కొండమీది రాళ్లు కూడా దొర్లుకుంటూ వచ్చి ముక్కులు ఎగబీల్చిపోయాయి. ఎక్కడ చూసినా కేకలు, ఈలలు. తట్టల్లో కానుగ మొక్కలు తలలాడిస్తూ కొండెక్కుతున్నాయి. కుండ దగ్గర సంగటి కెలుకుతున్న నాకే తెడ్డు పారేసి గడ్డపార పట్టాలనిపించింది.

గుంత మూరెడు లోతు తవ్వాలి. కవరు చించితే కానుగ వేరు అంత పొడుగూ వేలాడుతుంది మరి. కుళ్లాయప్ప గడ్డపార జానెడు దిగగానే రాయి తగిలేది. ఆ రాతిని పెకలించేలోపు పక్క వరుసలో తోటి శిష్యుడు ఓబుళేసు ముందుకు పోడూ! అందుకని వేరును తలపాగాలా చుట్టి గుంతలో కుక్కి, మట్టి కప్పి, కాలితో రెండు తొక్కులు తొక్కి ఇంకో గుంతకు ఉరికేవాడు. చూసేవాళ్లకు మొక్క పెళ్లికొడుకులా నిలబడేది.

"ఓబుళేసన్నా, నాటినదానికల్లా పేరు కూడా పెడతాండావా ఏంది?" అని కిందికి కేకేశాడు.

"నువ్వు పోరా నాయనా. నేను రాయితో మాట్లాడతాండా" అన్నాడు ఓబుళేసు, గడ్డపార మీద వాలి రాతిని ఊపుతూ.

సంగటి వేళకు కుళ్లాయప్ప కొండ నడుము దాటాడు. సామి చేతికర్ర ఊతంతో, నత్తలు తనను దాటుకుపోతుండగా, పైకి వచ్చాడు. కుళ్లాయప్ప నాటిన ఒక మొక్క మొదట్లో మట్టిని వేళ్లతో తీసి చూశాడు. మళ్లీ కప్పేశాడు.

"సామీ, ఎదురుకొండ..."

"ముందు తిను నాయనా. ఆ గుంతలో కూర్చుని తిను, గాలి కొట్టదు."

కుళ్లాయప్ప నవ్వుతూ, అప్పుడే తవ్విన తన గుంతలో కూర్చున్నాడు. అందులో పట్టిందెంత, పిర్రల్లో సగం!

"కాళ్లు?" అన్నాడు సామి.

"పట్టవు సామీ."

"చుట్టు."

ఆయనే వంగి, తన చేతులతో ఆ కాళ్లను మడిచి లోపలికి తోశాడు. మోకాళ్లు చెవులకు తగిలాయి. చుట్టూ తడిమట్టి లాగి, కాలితో రెండు తొక్కులు తొక్కాడు. నేను సంగటి ముద్ద మీద చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వేసి కుళ్లాయప్ప చేతిలో పెట్టాను. ముద్ద చేతిలోనే ఉంది, చెయ్యి నోటిదాకా రాదు. ఆడోళ్లు నవ్విన నవ్వుకు ఏడు కొండల అవతల కాకులు లేచిపోయాయి.

"సామీ, మెతుకు అందేట్టు లేదు. ఊపిరి కూడా ఆడడంలేదు."

"పైకి బాగానే ఉండావు కదా" అన్నాడు సామి.

కుళ్లాయప్ప కళ్లు మెల్లగా కొండ కిందికి జారాయి. పొద్దుటి నుంచి తను నాటిన వరుస మొత్తం వానలో తళతళలాడుతూ, నిటారుగా నిలబడి ఉంది.

తర్వాత మట్టి దులుపుకుని లేచి, ముద్ద సామి చేతిలో పెట్టి గడ్డపార అందుకున్నాడు. రెండడుగులు దిగి ఆగాడు.

"సామీ, అన్నీ తీసి మళ్లా నాటేసరికి పొద్దు గూకుతుంది. ఎదురుకొండ మరి..."

సామి అప్పటికే గుంత అంచున చతికిలబడి ముద్ద తుంచుతున్నాడు.

"అది కొండ నాయనా. యాడికీ పోదు."