సన్నెమ్మ ఊక

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక గెడ్డ. ఈ కథలో రాజు లేడు. ఉన్నాడేమో గానీ ఆయన ఆ గెడ్డ నీళ్ళు తాగలేదు, కాబట్టి ఆయన సంగతి మనకొద్దు. అక్కర్లేనివాళ్ళని కథలోకి పిలిస్తే కావలసినవాళ్ళు జారిపోతారు. ఈమధ్య నాకు చాలామంది జారిపోతున్నారు. సన్నెమ్మ మాత్రం జారిపోకూడదు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

గెడ్డంటే ఏటికన్నా చిన్నది, కాలవకన్నా పెంకిది. ఎండాకాలం ఇసకలో దాక్కుంటుంది, వానాకాలం ఊరి మీదకొస్తుంది. ఆ గెడ్డ ఒడ్డున ఒకదాని కింద ఒకటి నాలుగు ఊళ్ళు. కొండకి ఆనుకుని మెట్టవలస. దాని కింద నడిమివలస. దాని కింద తోటవలస. అన్నిటికీ కింద ఇసకవలస.

సన్నెమ్మది తోటవలస. వడ్లు దంచి బతికేది. బియ్యం వడ్లవాళ్ళకి, నూకలు తనకి, ఊక గెడ్డకి. తలలో ఊక, చీరలో ఊక, తిట్టడానికి నోరు తెరిస్తే నోట్లో ఊక. అందరూ ఊక సన్నెమ్మ అనేవారు.

ఆ నాలుగు ఊళ్ళకీ ఒకటే కట్టుబాటు. ఊరికి మూడు రేవులు. పై రేవులో తాగే నీళ్ళు. నడి రేవులో స్నానాలు, బట్టలు. కింది రేవులో పశువులు, పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళే పని, ఊడ్చిన చెత్త, దంచిన ఊక, కాలిన పెద్దల బూడిద. పై రేవులో ఎవరైనా కాలు కడిగితే ఊరంతా మీద పడేది. కోడలు ఎంగిలి చేత్తో కడవ ముంచితే అత్తే కాదు, మంచంలో ఉన్న అత్తగారి అత్త కూడా లేచి వచ్చేది.

"మాకున్న శుభ్రం ఎవరికుంది?" అని మెట్టవలస అనేది. నడిమివలస అనేది. తోటవలస అనేది. ఇసకవలసా అనేది. ఒక్క ఊరూ అబద్ధం చెప్పలేదు. ఒళ్ళు మండేది అక్కడే.

తొలకరి పడితే చాలు, పిల్లలకి కక్కులూ బేదులూ. నిన్న గెంతిన పిల్ల ఇవాళ చాప మీద వాడిపోయిన తోటకూర కాడ. దిష్టి తీసేవారు, తగ్గేది కాదు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, తగ్గేది కాదు. అమ్మవారికి కోడిని కోసేవారు, తగ్గేది కాదు. మళ్ళీ ఏడు మళ్ళీ అవే మూడూ చేసేవారు. వేరే ఒక్కటి చేద్దామని ఎవరికీ తోచేది కాదు.

సన్నెమ్మ కూతురి పిల్లలు ఇద్దరు అలాగే పోయారు. ఆ దిగులుతో కూతురూ పోయింది. మిగిలింది అసిరి అనే చిన్న గుంట, ఆఖరి మనవరాలు. సన్నెమ్మకి ఈ లోకంలో ఉన్నది రోకలీ, అసిరీ.

ఆ ఏడు తొలకరికి అసిరి పడిపోయింది.

ఊరిపెద్ద గవరయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "కోడినియ్యి సన్నెమ్మా."

"పోయినేడు ఇచ్చినాను బావూ. అటుపోయినేడు ఇచ్చినాను. కోడికూర తిని తిని అమ్మోరికి మొహం మొత్తుంటది. ఆ తల్లి ఇంకేటైనా సెప్దామని సూస్తంటే మీరు డప్పు ఆపరు కదా."

"నోరు మంచిది కాదే నీది. ఇది పైవూరోళ్ళ పాపం. నడిమివలసోళ్ళు గెడ్డని పాడుసేస్తన్నారు."

"మరెల్లి అడగరేటి?"

"మేమెల్తామేటి? పెద్దోళ్ళం."

"అవును. పెద్దోళ్ళకి కాళ్ళుండవు" అంది సన్నెమ్మ. పిల్లని పొరుగింటామె ఒళ్ళో పెట్టి, కడవ చంకనెత్తుకుని తనే బయలుదేరింది.

నడిమివలస పై రేవులో ఒకామె కడవ తోముతోంది. తోమిందే తోముతోంది.

"మీ ఊరు గెడ్డని ఏటి సేస్తందమ్మా? మా పిల్లలు పోతన్నారు."

"మా పిల్లలు మాత్రం బాగున్నారేటి? మా రేవు సూడప్పా. ఆకు పడితే ఏరేస్తాం. మా గెడ్డ మంచిదే. పైవూరోళ్ళనడుగు."

సన్నెమ్మ ఇంకా పైకి నడిచి మెట్టవలస వెళ్ళింది. అక్కడ పిల్లలు వానలో బురద పూసుకుని దొర్లుతున్నారు, ఒక్కొక్కడు గుమ్మడికాయలా. అరుగు మీద ఒక ముసలాయన చుట్ట కాలుస్తున్నాడు.

"మీ పిల్లలకి బేదుల్లేవా తాతా?"

"ఎందుకుంటాయి? మా గెడ్డ మంచిదే. పైవూరోళ్ళనడుగు."

"మీ పైన ఊరేది?"

ముసలాయన చుట్ట తీసి కొండవైపు చూశాడు. ఊళ్ళో అందరూ ఆ మాటే అంటారు కాబట్టి ఆయనా అన్నాడు గానీ, ఎప్పుడూ చూడలేదు. "ఊరు లేదు. రాయుంది. రాయినడుగు."

సన్నెమ్మ రాయి దగ్గరికీ వెళ్ళింది. రాతి నెర్రెలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. దోసిలి పట్టి తాగింది. చల్లగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి. తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తోచక కడవ నింపుకుని దిగింది.

ఆ నీళ్ళతో గంజి కాచి, ఉప్పు వేసి, అసిరికి గుక్క గుక్క పట్టింది. మర్నాడు మళ్ళీ కొండకి నడిచింది. ఆ మర్నాడూ నడిచింది. అసిరి కళ్ళు తెరిచి, "అమ్మమ్మా, ఆకలి" అంది.

ఆ పూటే కొండనుంచి కడవతో దిగుతుంటే, ఇసకవలస నూకాలు ఎదురొచ్చింది. భుజాన పసిబిడ్డ, చంకన కడవ. బిడ్డ తల ఊగిపోతోంది.

"అప్పా, మీ ఊరు గెడ్డని ఏటి సేస్తంది?"

సన్నెమ్మ కాళ్ళు పీకుతున్నాయి, మెడ పీకుతోంది. ఆలోచించకుండా అనేసింది. "మా గెడ్డ మంచిదే. పైవూరోళ్ళనడుగు."

నూకాలు గుప్పిట విప్పింది. అందులో తడి ఊక.

"ఇది నా కడవలోది. మా ఇసకలో సోళ్ళే పండుతాయి. మాకు వడ్లెక్కడివప్పా?"

సన్నెమ్మ ఆ ఊకని చూసింది. పొద్దున్న తను చేటతో కింది రేవులో దులిపేసిన ఊక. తోటవలసకి అది కింది రేవు. వంపు తిరిగితే ఇసకవలసకి అదే పై రేవు. ఊక వెళ్ళిన దారిలో ఇంకేమేం వెళ్ళాయో ఆమెకి ఒక్కొక్కటీ తోచింది. ఇద్దరు మనవలని మింగిన పాపం పైవూరిదని ఇన్నాళ్ళూ తిట్టింది. కిందివూరికి తనే పైవూరు.

కడవలో సగం నీళ్ళు నూకాలు కడవలోకి వంచింది. "గంజి కాసి ఉప్పేసి పట్టు. రేపు మళ్ళీ తెస్తాను. ఆపకు."

తర్వాత వాన కాస్త తెరిపిచ్చినప్పుడు గంపనిండా ఊక ఎత్తుకుని నడిమివలస వెళ్ళింది. కింది రేవు గట్టు మీద, పశువులు పడుకునే చోట, జనం చెంబులతో కూచునే చోట, విత్తనం చల్లినట్టు చల్లింది. నీళ్ళలో ఒక్క పొల్లు వెయ్యలేదు. తోటవలస గట్టు మీదా అలాగే చల్లింది. ఇంటికొచ్చి కూచుంది. వాన కురిసింది.

తెల్లారేసరికి తోటవలసలో కడవ కడవలో ఊక. గవరయ్య పెళ్ళాం చెంబు ముంచి, నోట్లో పోసుకుని, ఉమ్మి, పెట్టిన కేకకి ఊరంతా పోగైంది.

"తాగే నీళ్ళలో ఊకేసిందెవరు?"

"నేనే" అంది సన్నెమ్మ. "నీళ్ళలో వెయ్యలేదు. నడిమివలసోళ్ళు సెంబులతో కూసునే గట్టు మీద సల్లినాను. వాన తెచ్చింది. మరి ఊకొక్కటే తెచ్చిందంటారా?"

అందరూ కడవల వంక చూశారు. ఒకామె పక్కకెళ్ళి కక్కుకుంది. ఇంకేముంది, అర్థమైపోయిందనుకుంటున్నారు కదూ? ఎక్కడ. మగవాళ్ళు కర్రలు తీశారు, నడిమివలస మీదకి.

"కర్రలు దించండి. మన గట్టు మీదా సల్లినాను. ఇసకవలసోళ్ళు మన మీదకే కర్రలతో వస్తంటారు, సూసుకోండి."

కర్రలు దిగాయి. కోపం దిగలేదు. కోపానికి ఎవరో ఒకరు కావాలి. దగ్గర్లో సన్నెమ్మ ఉంది.

"అమ్మోరి లాంటి గెడ్డని మైలసేసిందిది" అన్నాడు గవరయ్య. "ఇకమీద ఇది పై రేవులో కాలు పెట్టకూడదు." ఆడవాళ్ళు గుడ్డ వేసి నీళ్ళు వడగట్టారు. ఊక గుడ్డలో ఉండిపోయింది. నీళ్ళు బాగుపడ్డాయని అదే కడవ ఎత్తి తాగారు.

"కనబడింది తీసి పారేసి, కనబడంది తాగుతన్నారు" అని సన్నెమ్మ నుదురు కొట్టుకుంది. "ఊకని తిడతారేటి? అది సెప్పడానికొచ్చింది."

ఎవరూ వినలేదు. ప్రతి తొలకరికీ సన్నెమ్మ ఊక చల్లింది. ప్రతి తొలకరికీ ఊరు తిట్టింది, వడగట్టింది, కోడిని కోసింది. ప్రతి తొలకరికీ ఎవరింట్లోనో చాప మీద ఒక పిల్ల. సన్నెమ్మ మాత్రం కొండ నీళ్ళు మోసింది, అసిరికి సగం, నూకాలు బిడ్డకి సగం. ఆ ఇద్దరూ పెరిగారు. ఇసకవలస ఆడవాళ్ళు సన్నెమ్మ దారి చూసి, తామూ ఒకరి తర్వాత ఒకరు కడవలెత్తుకుని కొండకి నడిచారు. తోటవలసవాళ్ళు గుమ్మాల్లో నిలబడి వాళ్ళని చూసి నవ్వారు.

ఒక వానాకాలం సన్నెమ్మ పోయింది. జబ్బు చేసి కాదు, అరిగిపోయి, రోకలి పోయినట్టు.

కాల్చారు. బూడిద కుండకెత్తారు. తిట్టినవాళ్ళే మర్యాదకి లోటు రానివ్వలేదు. చచ్చాక మనవాళ్ళు మర్యాద బాగానే చేస్తారు. గవరయ్య కుండ పట్టుకుని కట్టుబాటు ప్రకారం కింది రేవులోకి దిగాడు. వెనకాల అసిరి.

రేవుకి అడ్డంగా, మోకాలి లోతు నీళ్ళలో, ఇసకవలస ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ముందు నూకాలు.

"ఇక్కడ కలపకండి బావూ."

"ఇదేటి మాట? మా పెద్దోళ్ళందర్నీ ఇక్కడే కలిపినాం. మా అయ్యనీ ఇక్కడే కలిపినాను."

"తెలుసు బావూ. అందర్నీ మేమే తాగినాం. ఈవిణ్ణి తాగలేం."

గవరయ్య కుండ వంక చూశాడు. వంపు దగ్గర ఇసకవలస పై రేవు కనబడుతోంది. తర్వాత తల తిప్పి నడిమివలస వైపు చూశాడు. అక్కడా ఒక కింది రేవుంది. అక్కడా ముసలివాళ్ళు పోతారు. వాళ్ళందరూ ఇన్నేళ్ళూ ఎవరి కడవలోకి వచ్చారో ఆయనకి అప్పుడు తట్టింది. ఊక చూపించినంతకాలం తట్టలేదు. సన్నెమ్మనే తాగాలంటే తట్టింది.

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. అసిరి కుండ అందుకుని, అమ్మమ్మ ఊక గంపలో పెట్టుకుని, గెడ్డకి దూరంగా ఉన్న మిట్ట మీదికి తీసుకెళ్ళింది. అక్కడ గొయ్యి తవ్వి కప్పెట్టారు.

అప్పటినుంచి తోటవలసలో కింది రేవు లేదు. పశువులకి గట్టు మీద తొట్లు పెట్టి నీళ్ళు తోడిపోశారు. చెంబు పని మిట్ట అవతలికి పోయింది. ఆ తర్వాత, పెద్దోళ్ళు ఎక్కడికీ వెళ్ళరన్న గవరయ్య, గుప్పిట్లో ఊక పట్టుకుని నడిమివలసకి నడిచాడు. అక్కణ్ణుంచి మెట్టవలసకి నడిచాడు. పిల్లలు మళ్ళీ జబ్బే పడలేదని నేను అబద్ధం చెప్పను. చాపలు తగ్గాయి. గెంతేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఇప్పటికీ ఆ గెడ్డ ఊళ్ళల్లో తొలకరికి ముందు ఆడవాళ్ళు ఊక గంపలెత్తుకుని పైవూరికి వెళతారు. అక్కడి గట్టు మీద చల్లుతారు. ఎవరూ అడ్డుకోకూడదు. వాన పడ్డాక కడవలు చూసుకుంటారు. ఊక కనబడిందా, కొంగున కట్టుకెళ్ళి పైవూరి పెద్ద గుమ్మంలో పోసి వస్తారు. మాట్లాడరు. తిట్లన్నీ సన్నెమ్మ ముందే తిట్టేసింది కదా.

ఎవరైనా "మా తప్పేం లేదు, పైవాళ్ళనడుగు" అన్నారనుకోండి, చిన్నపిల్లలు కూడా అడుగుతారు: "మరి ఊక చల్లమంటావా?"

నేను ఏది మరిచిపోయినా ఈ ఒక్క ప్రశ్న మీరు మరిచిపోకండి. కథ మిట్టెక్కింది, గెడ్డ పల్లానికి పోయింది, మీ కడవలు మీరు చూసుకోండి.