నిండుకున్న పసుపు

కోటేశ్వరమ్మగారికి, ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "అలాగా" అని, అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టి పంపించేవారు. తెనాలిలో కొంతమంది ఆడవాళ్ళు కలిసి నడుపుకునే పసుపు మిల్లులో అమ్మకాల వ్యవహారమంతా ఆవిడదే.

పదో తరగతి పరీక్షలయ్యాక, మార్కెటింగ్ అంటే ఏమిటో పది రోజులు దగ్గరుండి చూసి రమ్మని బడివాళ్ళు పంపితే ఆవిడ దగ్గరికి వచ్చింది మౌక్తిక. చిన్నప్పటినుంచీ హాస్టల్లో, ఇంగ్లీషు మీడియంలో పెరిగిన పిల్ల. మిల్లులో లేచే పసుపు దుమ్ము మీద పొద్దుటెండ పడుతుంటే మొదటి రోజే మురిసిపోయి, 'ఎండని దంచి పొట్లం కట్టారు' అని నోటుబుక్కులో రాసుకుంది. అలాంటి మాటలు ఇంకా చాలా రాసింది. వాటిని ఎవరూ అడగకపోయేసరికి మూడో రోజు ఉండబట్టలేకపోయింది.

"మేడం, కొనమని జనాన్ని ఎలా అడగాలి?"

"అలాగా," అన్నారావిడ. "మూడో లైనులో పాతిక ఇళ్ళున్నాయి. ఇంట్లో పసుపు ఉందా అని అడిగి, ఎవరేమన్నారో రాసుకురామ్మా."

ఆ లైను మస్తానమ్మది. సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పసుపు అమ్మేది. మోకాలు వాచి రెండు నెలలు మంచాన పడి, ఈమధ్యే లేచింది. అక్కడ ఇంకా గిరాకీ ఉంటే సంచి మళ్ళీ ఆమెదే. లేకపోతే లోపల జల్లెడ దగ్గర కూర్చోవాలి. ఆ దుమ్ము ఆమెకు పడదు, ఒకటే దగ్గు. ఈ సంగతులన్నీ మౌక్తికకు తెలుసు. రోజూ మధ్యాహ్నం తన క్యారియర్లో కూర సగం తీసి ఈ పిల్ల కంచంలో వేసేది మస్తానమ్మే మరి.

సాయంత్రం మౌక్తిక మొహం వేలాడేసుకుని వచ్చింది. కాగితం మీద పద్దెనిమిది ఇళ్ళ పక్కన 'నిండుగా ఉంది' అని రాసి ఉంది, మిగతా ఏడిళ్ళకీ తాళాలు.

"ఎవరికీ అక్కర్లేదు మేడం. ఎవరిని అడిగినా నిండుకుంది, నిండుకుంది అనేవాళ్ళే. పాపం మస్తానమ్మ పిన్ని!"

కోటేశ్వరమ్మగారు కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూశారు. "సరే. రేపు సంచి తీసుకుని మస్తానమ్మతో నువ్వూ వెళ్ళు. అమ్ముడుపోకపోతే, జల్లెడ దగ్గర కూర్చోమని ఆమెకి నువ్వే చెప్పు."

మర్నాడు దారి పొడుగునా, ఆ మాట ఎలా చెప్పాలా అనుకుంటూనే మస్తానమ్మ వెనక నడిచింది మౌక్తిక. మొదటి ఇంటావిడ వీళ్ళని చూస్తూనే చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"వచ్చావా మస్తానమ్మా! నిండుకుందని నిన్న ఈ పిల్లతో చెప్పాను కూడా. రెండు పొట్లాలియ్యి."

మౌక్తిక తెల్లబోయింది. "నిండుకుంటే మళ్ళీ రెండెందుకాంటీ? ఎక్కడ పోస్తారు?"

లోపల్నుంచి ఆవిడ అత్తగారు గొల్లున నవ్వింది. "ఓసి నీ అమాయకత్వం కూలా! నిండుకోవడమంటే అయిపోవడమేనే పిల్లా. ఇంట్లో పసుపు లేదని నోటితో ఎవరైనా అంటారుటే?"

"ఇన్నేళ్ళు చదివించారు, ఇది చెప్పడం మర్చిపోయారా మీ పంతుళ్ళు?" అంది పక్కింటావిడ గోడ మీంచి.

మస్తానమ్మ నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడింది. "నా తల్లే! నన్ను జల్లెడ పాలు చేద్దువే!"

పది కొట్టకముందే సంచి ఖాళీ అయింది. మౌక్తిక ఒక్క మాటా అమ్మలేదు, ఊరికే పొట్లాలు అందించింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా లోపల ఏదో చల్లగా ఉంది. ఖాళీ డబ్బా ముందు నిలబడి కూడా నిండు అనే మాటే వాడుకునే మనుషులు! ఈ మాట తన సొంత భాషలోదే. పదహారేళ్ళకి గాని చెవిన పడలేదు. పడినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు.

"పిన్నీ, నీ పొట్ట కొట్టబోయాను," అంది కళ్ళ నీళ్ళతో.

"కొట్టలేదుగా! పద, ఎండెక్కుతోంది," అంది మస్తానమ్మ, ఖాళీ సంచి ఆ పిల్ల నెత్తిమీద కప్పుతూ.

మిల్లుకు తిరిగి రాగానే మౌక్తిక కాగితం మీద పద్దెనిమిది చోట్లా కొట్టేసి 'లేదు' అని రాయబోయింది. చెయ్యి రాలేదు. 'నిండుకుంది' అనే రాసి కోటేశ్వరమ్మగారి ముందు పెట్టింది.

"నిన్ననే మీకు తెలుసు కదా మేడం. నన్ను తిట్టనందుకు థాంక్స్," అంది. "కొనమని ఎలా అడగాలో మాత్రం మీరింకా చెప్పలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"నిన్న వాళ్ళే నిన్ను అడిగారు కదమ్మా."