గేటు దగ్గర రెండు నిమిషాలు

అనగనగా, అనగా అనగా, కొండ కింద ఒక ఊరు. ఊరి చివర ఒక మెట్ట. మెట్ట మీద ఒక ఇల్లు. ఇంటికో గేటు, గేటుకో గొలుసు, గొలుసుకో కొక్కెం. ఆ కొక్కేన్ని గుర్తుపెట్టుకోండి, దానితో మనకి పనుంది. ఊ కొడుతున్నారా? తేజూ, గోడని తన్నకు. చిట్టీ, దుప్పటంతా నువ్వే చుట్టుకుంటే అక్కకేదే? ఆఁ, అలాగ.

ఆ ఇంటికి రాజులాంటి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పోయాడు. ఆయన పోయాక ఇంటికి రాజూ అత్తగారే, మంత్రీ అత్తగారే. ఆవిడకి ఒక కూతురు. పెళ్ళయి పట్నంలో ఉంటోంది, ఆ కూతురికి ఇద్దరు కోతులట. నవ్వకండి, వినండి. ఒక కొడుకు, ఒక కోడలు. కోడలిది కొండ మీది ఊరు. పేరా? పేరెందుకే, కోడలంటే చాలదా? సరే, నూకాలు అనుకుందాం. అవునే, మీ అత్త పేరు నూకరత్నమే. అయితే? లోకంలో నూకాలు ఒక్కతే ఉంటుందా? నోర్మూసుకుని ఊ కొట్టండి.

ముందు ఆ ఇంట్లో రెండెడ్లు ఉండేవి. ఎడ్లు ముసలివైపోయాయి. కొడుకు పట్నం వెళ్ళి ఒక బండి తెచ్చాడు. బండంటే మామూలు బండి కాదర్రా, టర్బో పికప్పు. ముందు రెండు వరసల సీట్లు, వెనకాల తొట్టి. ఏనుగంత ఒళ్ళు, గుర్రమంత పరుగు. దాని పొట్టలో ఒక ఇనప నత్త ఉంటుంది. నిజంగా నత్తే. నత్తగుల్లలాగే చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఇంజను పొగ వదిలితే ఆ పొగతో గిర్రున తిరుగుతుంది, తిరిగి ఇంజనుకే గాలి ఊదుతుంది. ఊదిందంటే బండికి పూనకమే. కుయ్‌ఁమని ఈలేసుకుంటూ, ఎంత బరువున్నా కొండెక్కేస్తుంది.

ఇక అన్నిటికీ ఆ బండే. అనాసపళ్ళకీ ఆ బండే, పనసకాయలకీ ఆ బండే. పెళ్ళికీ ఆ బండే, పేరంటానికీ ఆ బండే. గడ్డికీ ఆ బండే, గేదెని డాక్టరుకి చూపించడానికీ ఆ బండే. పొద్దున గేదె నిలబడ్డ చోటే సాయంత్రం పట్టుచీరలు కూర్చునేవి.

ముందు కొడుకు నడుపుతుంటే పక్కన అత్తగారు. వెనక సీటు ఖాళీ. ఖాళీ అంటే ఖాళీ కాదు, అక్కడ అత్తగారి బుట్ట ఉండేది. బుట్టలో ఆకులు, వక్కలు, గొడుగు, మంచినీళ్ళ చెంబు. మరి కోడలో? కోడలు తొట్టిలో, పనసకాయల మధ్య, తాడు పట్టుకుని. సరుకు జారకుండా ఒకరు చూసుకోవాలి కదా అనేది అత్తగారు. సరుకు లేనప్పుడు కూడా అదే మాట. బుట్టకి సీటు, మనిషికి తొట్టి. కోడలు పనసకాయ ముళ్ళు ఈ పక్క గుచ్చుకుంటే ఆ పక్కకి తిరిగేది.

ప్రతి శుక్రవారం కొండ మీద సంత. ఘాటీ రోడ్డులో పన్నెండో మలుపు దాటగానే కోడలి పుట్టిల్లు కనపడేది. రేకుల ఇల్లు, ఇంటి ముందు అరుగు, అరుగు మీద తల్లి. కింద ఎక్కడో బండి ఈల వినపడగానే ఆ తల్లి చేతిలో పని అక్కడ పడేసి వచ్చి కూర్చునేది. బండి కనపడగానే చెయ్యెత్తేది. కోడలు తొట్టిలో లేచి నిలబడి చెయ్యెత్తేది. బండి ఆగేది కాదు. ఎత్తులో ఆపితే బండికి కష్టం అనేవాడు కొడుకు. ఏం కష్టం? అంత నత్త ఉండి? ఆపాలని ఎవరికీ అనిపించలేదు, అంతే. వారం వారం అలాగే. చెయ్యి ఎత్తడం, చెయ్యి దించడం.

ఊ కొడుతున్నారా? చిట్టీ, నిద్రపోయావా? లేదా. సరే.

ఇప్పుడు నత్త సంగతి. బండి కొత్తగా వచ్చిన రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే హడావిడిలో అందరూ ఉన్నారు. హారతి పళ్ళెం పట్టుకుని కోడలు ఒక్కతే పక్కన నిలబడి ఉంది. బండ్లు బాగుచేసే పోలారావు మేస్త్రి ఆమెకి ఒక మాట చెప్పాడు. "అమ్మా, ఎత్తెక్కి వచ్చాక ఆ టర్బో నిప్పులా కాలుతూ తిరుగుతుంటుంది. అప్పుడే తాళం తిప్పేశారనుకో, దానికి నూనె అందదు, లోపల్లోపలే మాడిపోతుంది. రెండు నిమిషాలు ఊరికే ఆడనిచ్చి, అప్పుడు ఆపండి." కోడలికి ఠక్కున అర్థమైంది. ఎడ్లకీ అంతే కదా! బరువు లాగొచ్చిన ఎడ్లని వెంటనే కుడితి గోలెం దగ్గరికి తోలరు. రొప్పు తీరనిస్తారు.

సాయంత్రం అదే చెప్పింది అత్తగారికి. ఆవిడ ఒప్పుకోలేదు. గేటు దాటి గుమ్మం ముందుకి వచ్చిన బండి ఆ క్షణానే నోరు మూయాలి, అదీ ఆవిడ శాసనం. గుమ్మం ముందు ఇంజను రొద పెడుతూ నిలబడకూడదు. ఎందుకు అని అడిగితే చెప్పదు. కోడలు ఒకసారి చెప్పింది, రెండుసార్లు చెప్పింది. మూడోసారి అత్తగారు అంది కదా, "ఏటే నూకాలూ, నీ బాబు మెకానిక్కా? పనసతొనలు వలుచుకునే ఇంటి నుంచొచ్చి నాకు నత్తల కథలు చెప్తున్నావేటి?" కొడుకు నవ్వాడు. అమ్మకి ఇష్టం లేదు కదా, ఊరుకో అన్నాడు. కోడలు ఊరుకుంది. ఆ గుమ్మం ముందు బండీ నోరు మూసుకోవాలి, కోడలూ నోరు మూసుకోవాలి.

నోరైతే మూసుకుంది గానీ బుర్ర మూసుకోలేదు. మెట్ట ఎక్కి బండి గేటు ముందు ఆగగానే తొట్టిలోంచి దూకేది. గేటు తియ్యడానికి నేను వెళ్తాను అనేది. వెళ్ళి కొక్కెం పట్టుకునేది. ఒకసారి లాగేది, రాలేదనేది. రెండుసార్లు లాగేది, తుప్పు పట్టిందనేది. చీర చెంగు ఇరుక్కుందనేది, చెప్పు తెగిందనేది, గొలుసు మెలికపడిందనేది. అవతల బండి గుడగుడమంటూ ఆడుతూనే ఉండేది. కోడలు పెదవులు కదపకుండా ఒకటి నుంచి నూట ఇరవై దాకా లెక్కపెట్టుకునేది. నూట ఇరవై అనగానే కొక్కెం టక్కున ఊడేది. చూశారా తెలివి! ఏడాదిన్నర పాటు అలా ఆ నత్తని కాపాడింది. ఎవరికీ తెలీదు. మేస్త్రి మటుకు బండి చూసినప్పుడల్లా, అబ్బో, ఎంత బాగా చూసుకుంటున్నారో అనేవాడు.

అత్తగారికి చిరాకెత్తింది. "ఒక్క గేటు తియ్యడానికి ముహూర్తం చూసుకుంటావేటే? ఓలమ్మా, ఇలాంటి చేతకాని చేతులు నేనెక్కడా చూళ్ళేదు!" అంది. అని ఊరుకుందా? లేదు. మనిషిని పిలిపించి గేటు మొత్తం పీకించి, గోడకి ఆనించి పెట్టింది. పోయింది కొక్కెం. పోయాయి రెండు నిమిషాలు.

ఆవేళ కోడలు ఆ ఖాళీ గేటు స్తంభం దగ్గర కాసేపు నిలబడిపోయింది. గొలుసు లేని చోట చెయ్యి పెట్టి చూసింది. ఇంకే తోవా తోచలేదు పిల్లకి.

ఆరు నెలలు గడిచాయి. బండి ఈల మారింది. ముందు కుయ్‌ఁమనేది, తరవాత కీచుమంది, తరవాత దగ్గింది. వెనకాల నీలం పొగ. నూనె తాగేస్తోంది అన్నాడు కొడుకు. చూపిద్దాంలే అన్నాడు. పనసకాయల సంతలు అయ్యాక చూపిద్దాంలే.

ఒక మంగళవారం పొద్దున కోడలి తమ్ముడి ఫోను. అమ్మకి బాగోలేదు, నీ పేరే తలుచుకుంటోంది, ఉన్నపళంగా రా అని. బండి బయల్దేరింది. ముందు సీట్లో కొడుకు, అత్తగారు. వెనక సీట్లో బుట్ట. కోడలు తొట్టిలో. అవునమ్మా, ఆరోజు కూడా. తొట్టిలో పనసకాయ ఒక్కటి లేదు. అయినా అలవాటుగా ఆ పిల్ల తొట్టే ఎక్కింది. ఇలా లోపలికి రా అని ఎవరి నోటా రాలేదు.

తొమ్మిదో మలుపు దగ్గర నత్త చచ్చిపోయింది. ఈల ఆగిపోయింది. కొండంతా నీలం పొగ. బండి ఉన్నచోటే కూలబడింది. కొడుకు చక్రాల కింద రాళ్ళు పెట్టి, బానెట్టు ఎత్తి, తల పట్టుకున్నాడు. సంత రోజు కాదు, వచ్చే బండి లేదు, పోయే బండి లేదు.

కోడలు దూకింది, నడవడం మొదలెట్టింది. నేనూ వస్తానని అత్తగారు వెంటపడింది. ఎందుకు వెంటపడిందో ఆవిడకే తెలీదు. వయసైన మనిషి, ఎత్తు రోడ్డు. పదో మలుపుకి గుండె దడదడలాడి రాయి మీద కూలబడింది. కోడలు అప్పటికే ముందుకి వెళ్ళిపోయింది. వెనక్కి చూసింది. వెనక్కి వచ్చింది! వచ్చి పక్కన నిలబడి, "రొప్పు తీరనివ్వు అత్తా. నీళ్ళు అప్పుడే తాగకు" అంది. రెండు నిమిషాలు. పదకొండో మలుపు దగ్గర మళ్ళీ కూలబడింది. మళ్ళీ రెండు నిమిషాలు. పన్నెండో మలుపు దగ్గర మళ్ళీ. ఆ పిల్ల కళ్ళు పైన ఉన్నాయి, చెయ్యి అత్తగారి వీపు మీద ఉంది.

నువ్వు వెళ్ళవే నూకాలూ, నా సంగతి నేను చూసుకుంటాను. ఈ ఒక్క మాట అనాలి కదా ఆ అత్తగారు? అనలేదు. అడవిలో ఒక్కదాన్నే వదిలేసి పోతుందేమోనని భయం. ఆ భయంతో కోడలి కొంగు కూడా పట్టుకుంది.

వెళ్ళేసరికి అరుగు నిండా జనం. తమ్ముడి పెళ్ళాం ఎదురొచ్చి పట్టుకుంది. "ఇప్పుడే వదినా, ఐదారు నిమిషాలు కాలేదు. పొద్దుట్నుంచీ చెవి రోడ్డు మీదే పెట్టుకుని ఉంది. బండి ఈల వినపడలేదు, ఇంకా బయల్దేరలేదేమోలే పాపం, దానికెన్ని పనులో అంది. అని అటు తిరిగి పడుకుంది."

మూడు మలుపులు. మలుపుకి రెండు నిమిషాలు. లెక్క మీరు కట్టక్కర్లేదు. ఆ అత్తగారు రోజూ కడుతోంది.

ఏడవకు చిట్టీ. కథే కదా. ఇలా రా.

నత్త ఎందుకు మాడింది? రొప్పు తీరకుండా నోరు మూశారు గనక. ఎందుకు మూశారు? గేటు లేదు గనక. గేటు ఎందుకు లేదు? అత్తగారు పీకించింది గనక. అత్తగారు ఎందుకు పీకించింది? అదీ చెప్తాను. ఇంతవరకూ కూతురిక్కూడా చెప్పలేదు ఆవిడ. ఆ ఇంటి పెద్దాయన్ని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున, తెల్లటి బండి ఒకటి గుమ్మం ముందు నిలబడింది. ఇంజను ఆపలేదు. ఆయన్ని దించుతున్నంతసేపూ, వరండాలో పడుకోబెడుతున్నంతసేపూ, ఆవిడ గాజులు నేలకేసి కొట్టుకుంటున్నంతసేపూ గుడగుడ, గుడగుడ. అప్పటి నుంచి గుమ్మం ముందు గానీ గేటు దగ్గర గానీ ఇంజను ఆడితే ఆవిడకి ఆ తెల్లబండే మళ్ళీ వచ్చి నిలబడినట్టు ఉండేది. ఆ ఒక్క ముక్క కోడలికి చెప్పి ఉంటే, ఆ పిల్ల బండిని మెట్ట కిందే ఆపించి చల్లార్చేది. తెలివైన పిల్ల కదా. చెప్పలేదు. అత్తగారికి బెంగ ఉందంటే నామోషీ. శాసనం ఉందంటే గొప్ప.

తరవాతా? తరవాత బండికి కొత్త నత్త వేయించారు. కోడలు నేను చెప్పానా లేదా అని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. అత్తగారు బుట్టని తొట్టిలో పడేసి, ముందు సీట్లోకి రమ్మని పిలిచింది. కోడలు వచ్చి కూర్చుంది. ఇప్పటికీ కూర్చుంటుంది. పన్నెండో మలుపు వస్తే బండి ఇప్పుడు ఆగుతుంది, ఎవరూ అడగకుండానే. అరుగు మీద ఎవరూ ఉండరు. కోడలు ఒళ్ళో చేతులు పెట్టుకుని అటు చూస్తుంది. తల్లికి ఎత్తిన చెయ్యి ఇక ఎత్తదు. అత్తగారికి అన్నం పెడుతుంది, మందులిస్తుంది, కాళ్ళకి నూనె రాస్తుంది. ఇదివరకులాగే "అత్తా" అని పిలుస్తుంది. క్షమించిందా అంటే, ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు.

అందరూ సుఖంగా ఉన్నారని చెప్పాలి. కథ కదా. అందరూ అన్నం తిని, అందరూ పడుకుని, అందరూ లేస్తున్నారు.

నీతా? ఎత్తెక్కి వచ్చినదాని నోరు వెంటనే మూయించకండి. బండైనా, ఎద్దయినా, ఆడపిల్లయినా. రొప్పు తీరనివ్వండి. అది చెప్పేది వినండి. మీకేదైనా బెంగుంటే, శాసనంలాగా కాకుండా బెంగలాగానే చెప్పండి. అంతకంటే నాకు తెలీదర్రా.

ఆ అత్తగారు ఇంకా ఉందా అంటావా తేజూ? ఉంది. గేటు మళ్ళీ పెట్టించింది. అదే గొలుసు, అదే కొక్కెం. బండి వస్తే ఎవర్నీ తియ్యనివ్వదు, తనే వెళ్తుంది.

అదిగో, విన్నారా? మెట్ట ఎక్కుతోంది. కుయ్‌ఁమంటోంది చూడండి, ఎంత చక్కటి ఈల. సంత నుంచి మీ మావయ్యా అత్తా వచ్చేశారు. లేవకండి, పరిగెత్తకండి. నా చెప్పులేవీ? ఉండనీ, తొందరేం లేదు. కొక్కెం తుప్పు పట్టింది, చీర చెంగు ఇరుక్కుంటుంది, గొలుసు మెలికపడుతుంది. నూట ఇరవై దాకా లెక్కపెట్టాలి.

కథేమో కంచి దారి పట్టింది, అమ్మమ్మేమో గేటు దారి పడుతోంది. మీరు పడుకోండి.