నెల్లిపేట సంతలో తడిబట్టమ్మ

సముద్రపు రేవు నుండి నెల్లిపేటకు పది కిలోమీటర్లు. జీడితోటలు, ఆపైన వరిమళ్లు దాటి వచ్చే యాత్రికులకు మొదట పెంకుల అంగళ్లు, సున్నం రాలిన పాత సంత గోడ కనిపిస్తాయి. గురువారం చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇక్కడే ఉంటాయి. గోడకు వెలుపల, చేపలమ్మే చోట, మోకాలెత్తు నల్లరాతి రూపంలో తడిబట్టమ్మ కొలువై ఉంది. సంత నడుమ ఉన్న గుడిని విడిచి అమ్మవారు ఇక్కడికెందుకు వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

ఆ గోడ కొత్తగా లేచిన కాలమది. ధాన్యం, బట్టలు, బెల్లం అమ్మేవారు లోపల చింతచెట్ల నీడన కూర్చునేవారు. నీచువాసన అని చేపల బుట్టలను మాత్రం బయట ఎండలో పెట్టించారు. నీడను కొందరు పంచుకున్నారు గనుకే మిగిలినవారికి ఎండ మిగిలింది. మధ్యాహ్నానికి చేప మెత్తబడేది. అప్పుడు బేరగాళ్లు తీరిగ్గా వచ్చి, బుట్టెడు చేపలకు దోసెడు నూకలు పోసేవారు.

ఒక వేసవి సంతకు మసేనమ్మ అనే జాలరి స్త్రీ వచ్చింది. ఇంట్లో కోడలు బాలింత. మూడు రోజులుగా గంజి లేక, చంటిబిడ్డకు పాలు పడడం లేదు. ఆనాటి చేపలకు బియ్యం దొరికితేనే ఆ ఇద్దరూ బతికేది. మసేనమ్మ బుట్ట మీద గుడ్డ కప్పి, ఉన్న ఒక్క ముంత నీళ్లూ దానిమీదే చల్లింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక ముసలామె పక్కన చతికిలబడింది.

“ఎండదెబ్బ తగుల్తది మామ్మా! గుడిలో కూకో, సల్లగుంటది,” అంది మసేనమ్మ.

“అక్కడి నుండే వచ్చినాను. సల్లగానే ఉంది గానీ, గోడ అడ్డమై నువ్వు కనబడ్డం లేదే.”

“నన్ను సూడ్డానికేటుంది, కంపు తప్ప!” అని మసేనమ్మ నవ్వింది.

ఇంతలో ముసలామె తల వాలిపోయింది. మసేనమ్మ ఒకసారి బుట్టను, ఒకసారి ఆ ముడతల ముఖాన్ని చూసింది. బుట్ట మీది తడిగుడ్డ తీసి ఆమె తలకు కప్పింది.

అదే వేళకు గుడిలో నైవేద్యం పెట్టబోయిన పూజారికి పీఠం ఖాళీగా కనిపించింది. సంత పెద్ద కూర్మయ్య జనంతో వెతుకుతూ గోడ బయటికి వచ్చాడు. మసేనమ్మ పక్కన, తలపై తడిగుడ్డతో, అమ్మవారి శిల ఉంది. బుట్టలో చేపలు అప్పుడే వలలోంచి తీసినట్లు ఎగిరిపడుతున్నాయి. పదిమంది పట్టినా శిల కదలలేదు.

“లోపలికి రా తల్లీ,” అని కూర్మయ్య వేడుకున్నాడు.

“ఊరికే లాగకండి బాబూ. మమ్మల్ని ఎండలో ఇడిసి ఆయమ్మ ఒక్కతీ వస్తదా?” అంది మసేనమ్మ.

కూర్మయ్య తలపాగా విప్పి, తన చేతులతోనే మసేనమ్మకు నీడ పట్టాడు. సాయంత్రానికి గోడ కొట్టి దారి తీశారు, చేపల వరుసపై తాటాకు పందిరి లేచింది. మసేనమ్మ బుట్టెడు బియ్యంతో ఇల్లు చేరింది. ఆ రాత్రే కోడలు గంజి తాగింది, బిడ్డకు పాలు పడ్డాయి.

నేటికీ గురువారం మధ్యాహ్నం భక్తులు రెండు గుడ్డలు తడుపుతారు. మొదటిది సంతలో ఎండన ఉన్న మనిషి తలకు, రెండోది అమ్మకు. అలా చేసిన ఇంట బాలింతకు పాలు, బిడ్డకు ఆయుష్షు సమృద్ధిగా ఉంటాయని నమ్మకం. అమ్మకు గోపురం కట్టిస్తామని ఎందరో ధనవంతులు వచ్చారు. చేపలమ్మే ఆడవాళ్లు వారికి మంచినీళ్లిచ్చి, అందరికీ నీడ దక్కాకే అమ్మ నీడకు వస్తుందని చెప్పి, సంతలో చివరి మనిషి దాకా పందిరి వేసి రమ్మని పంపుతారు. పందిరి ఏటేటా పెరుగుతోంది. అమ్మ ఇంకా ఎండలోనే ఉంది.