గుహ ముందు కూర్చున్న కీచురాయి

ఒకప్పుడు కీచురాయికి కీచుమనడం రాదు. దాని గొంతు చాలా మెత్తన. అసలు ఆ పేరే అప్పటికింకా పెట్టలేదు. మన సౌకర్యం కోసం కీచురాయనే పిలుచుకుందాం.

దాని చెవులు ముందుకాళ్ళలో ఉండేవి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. చీమ గొణిగినా దానికి వినబడేది. విన్నది విన్నట్టు తిరిగి చెప్పడం దాని అలవాటు. సొంతంగా ఒక్క ముక్క కలిపేది కాదు. అలాంటివాళ్ళు అడవిలో అప్పుడూ తక్కువే.

ఆ అడవి కొండలో ఒక గుహ ఉండేది. దానికి ముందు పెద్ద నోరు, వెనక చిన్న చిల్లు. గుహలో ఏ మాట పడినా, అది ఆ మాటని పెద్దగా చేసి ముందు నోట్లోంచి అడవంతా మోగించేది. అందుకని సన్నగొంతు వాళ్ళందరూ కొండ వెనక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళు గొణిగింది కీచురాయి విని, చిల్లులో చెప్పేది. గుహ చాటేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది లేని ఏర్పాటు చూస్తే కొందరికి నిద్ర పట్టదు. నెమలిగారికి పట్టలేదు.

ఎండాకాలం సభలో ఆయన ఉపన్యాసం పెట్టుకున్నారు. "కొండ వెనక నిలబడి మాట్లాడితే నా పింఛం ఎవరు చూస్తారు? కీచురాయిని తెచ్చి గుహ నోటి ముందు కూర్చోబెట్టండి" అన్నారు.

"అలాగేనండీ" అంది కీచురాయి. పెద్దవాళ్ళ పక్కన కూర్చోబోతున్నానని దానికి లోలోపల గర్వం కూడా.

నెమలి గొంతు సవరించుకుని, "సభకి నమస్కారం" అంది.

కీచురాయి ఆ మాటే చెప్పింది. గుహ పెద్దగా మోగించింది. ఆ మోత వచ్చి కీచురాయి చెవిలోనే పడింది. విన్నది చెప్పాలి కదా, చెప్పింది. గుహ ఇంకా పెద్దగా మోగించింది. కీచురాయి అదీ చెప్పింది. ఇక చూసుకోండి!

"కుయ్య్య్... కీఈఈఈ!"

మన పెళ్ళిపందిట్లో మైకు కూస్తుందే, అచ్చం అలాగే. కుందేళ్ళు చెవులు మడుచుకున్నాయి. చెవుల్లేని పామొక్కటే హాయిగా పడుకుంది.

సలహాలకేం తక్కువ? "ఇంకొంచెం గట్టిగా చెప్పు" అంది ఎలుగుబంటి. గట్టిగా చెప్తే కూత రెట్టింపైంది. "దీని చెవుల్లో దూది పెట్టండి" అంది కొంగ. బూరుగుదూది పెట్టారు. కూత ఆగింది. నెమలి చాలాసేపు మాట్లాడింది గానీ ఒక్క ముక్క ఎవరికీ వినబడలేదు. సభకి ఆ భాగం బాగా నచ్చింది.

దూది తీయగానే మళ్ళీ "కీఈఈఈ!"

"ఈ పురుగే పనికిమాలింది" అని తేల్చింది నెమలి. అందరూ తలూపారు. కీచురాయి కూడా అది నిజమేననుకుంది.

సరిగ్గా అప్పుడే పూరేడు పిట్ట రొప్పుతూ వచ్చింది. "అయ్యా, కొండ పక్క గడ్డి అంటుకుంది! మంట ఇటే వస్తోంది! నా పిల్లలకి ఇంకా ఎగరడం రాదు!"

దాని సన్నగొంతు ఆ కూతలో ఎవరికి వినబడుతుంది? పక్కనే ఉన్న నెమలికి వినబడింది. "మనవులన్నీ ఉపన్యాసం తర్వాత" అంది నెమలి.

ఇంతలో కీచురాయికి ఏడుపొచ్చేసింది. సిగ్గుతో గెంతుకుంటూ కొండ వెనక్కి పారిపోయి, తన పాత చిల్లు దగ్గర నక్కింది. పూరేడు దాని వెనకే పరిగెత్తింది.

"అక్కా, నువ్వైనా చెప్పవే! నిప్పు! అందరూ వాగు దాటండి!"

అలవాటుగా కీచురాయి చిల్లులో చెప్పింది, "నిప్పు! అందరూ వాగు దాటండి!"

గుహ అదే మాటని అడవంతా మోగించింది. కూత లేదు, గీత లేదు. గుహ నోరు అటు తిరిగి ఉంది, కీచురాయి ఇటు ఉంది. మోత దాని చెవిలో పడనే లేదు.

అడవంతా వాగు దాటింది. ఎలుగుబంటి పూరేడు పిల్లల్ని అరచేతిలో పెట్టుకుని మోసుకెళ్ళింది. మంట గట్టుదాకా వచ్చి ఆరిపోయింది.

"చూశారా, నేను పింఛం కాస్త పక్కకి తిప్పగానే ఎలా బాగైపోయిందో!" అంది నెమలి. అవునవునన్నారందరూ. నెమలికి పూలదండ కూడా వేశారు.

"నా గొంతులో తప్పు లేదే. నేను కూర్చున్న చోటుదే తప్పు. గుహ మాట విని మళ్ళీ గుహకే చెప్పాను" అంది కీచురాయి. పూరేడు తప్ప ఎవరూ వినలేదు. అందరూ దండ చూస్తున్నారు.

ఆ మంట వేడికి గుహ బీటలు వారింది. దాని గొంతు పోయింది. కీచురాయి గొంతులో మాత్రం, అంతసేపు కూసినందుకేమో, మర్నాటికి ఆ కూత ఇరుక్కుపోయి ఉండిపోయింది. మాట్లాడబోతే "కీ" అనే వస్తోంది. పోనీలే అని ఒంటరిగా కూసుకోవడం మొదలెట్టింది.

మరుసటి ఎండాకాలం మళ్ళీ సభ. "కీచురాయి ఎక్కడ? ఈసారి ఇంకా ముందు కూర్చోబెడదాం" అంటూ నెమలి, కొంగ వెతుక్కుంటూ వచ్చాయి. అడుగుల చప్పుడు కాళ్ళకి తగలగానే కీచురాయి టక్కున నోరు మూసేసింది. అవి దాని పక్కనుంచే వెళ్ళిపోయాయి. దానికి ఎంత హాయిగా అనిపించిందో!

అప్పటినుంచే కీచురాయి సందుల్లో దాక్కుని కూస్తుంది, ఎవరి అడుగు వినబడినా చప్పున ఆపేస్తుంది. మనం కూడా ఏదో సలహా చెప్పడానికే వస్తున్నామని దాని భయం.