గోదారి దాటిన ఉగ్గుగిన్నె

అనగనగా ఒక లంక. చుట్టూ గోదారి, మధ్యలో మీ అమ్మమ్మ. కాళ్ళు ఆడించకు చిట్టీ, దుప్పట్లోకి రా. ఆ రోజుల్లో నా కాళ్ళూ ఇలాగే ఒక చోట నిలవలేదులే.

పురిటికి పుట్టింటికి వచ్చాను. మీ అమ్మ పుట్టి ఇరవై రోజులు. నాకు పాలెన్నంటావా? నన్ను చూసి గోదారే సిగ్గుపడి రెండు మెట్లు దిగింది! మీ అమ్మ కడుపునిండా తాగి పడుకున్నా ఇంకా బోలెడు మిగిలేవి.

అప్పుడు అవతలి ఒడ్డునుంచి నర్సు సువార్తమ్మ సూదిమందులకి వచ్చింది. "మాణిక్యమ్మా, ఆసుపత్రిలో నెలలు నిండని పిల్ల ఉంది. అరచేతిలో పడుతుంది. తల్లికి ఒళ్ళెరగని జ్వరం, చుక్క పాల్లేవు. పోతపాలు ఇమడట్లేదు. నీ రక్తపరీక్ష బాగానే వచ్చింది, మిగిలినవి పంపుతావా?" అంది.

"పంపడమేంటి, ఆసుపత్రిని ముంచెత్తుతా!" అన్నాను.

మొదటి రోజు గ్లాసు నిండా పాలు పిండి గూట్లో పెట్టి స్నానానికెళ్ళాను. వచ్చేసరికి ఖాళీ! మిగిలిన తల్లిపాలు ఎవరి కాలికిందా పడకుండా మొక్క మొదట్లో పోయడం మా ఇంటి ఆచారం. మా అమ్మ, అంటే మీ తాతమ్మ వీరాయమ్మ, అలవాటుగా జామమొక్కకి పోసేసింది.

ఇంట్లోంచి రేవుకీ, రేవులోంచి ఇంట్లోకీ తిరిగాను. నా అడుగులకి ఆ బాట ఇప్పటికీ గుంటపడే ఉంది!

రెండో రోజు మళ్ళీ పిండాను. పడవ వచ్చేలోగా విరుగుతాయని మా అమ్మ వాటిని పొయ్యి మీద పెట్టి, గేదెపాలకి మల్లే మూడు పొంగులు రానిచ్చింది.

సువార్తమ్మ మూత తీసి తల కొట్టుకుంది. "కాచాల్సింది గిన్నెని పిన్నిగారూ, పాలని కాదు! ఆ పిల్ల ఏడవడం కూడా మానేసింది."

నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే పరిగెత్తాలని. మీ అమ్మ ఏడిస్తే చాలు, ఆ పిల్లకి ఈ ఏడుపైనా లేదే అని ప్రాణం లాగేసేది.

మూడో రోజు సువార్తమ్మ పడవ వచ్చేదాకా ఆగలేక, నేనే ఈదుకుంటూ పోదామని చీర బిగించాను. పదిసార్లు ఈదేదాన్నే! "బాలింతవి, ఏరు దాటకూడదు" అని మా అమ్మ నా రెక్క పట్టుకుంది. ఆ తర్వాత స్టీలు డబ్బా, తన వెండి ఉగ్గుగిన్నె నీళ్ళలో వేసి మరగకాచింది. నేను పిండిచ్చిన పాల డబ్బాని చేపల పడవవాళ్ళ ఐసులో కుక్కి ఒళ్ళో పెట్టుకుంది. గోదారంటే వణికే మనిషి, కళ్ళు గట్టిగా మూసుకుని పడవెక్కింది.

నేను ఒడ్డున, చేతుల్లో మీ అమ్మ. నీళ్ళకేసి చూస్తూ అటూ ఇటూ, అటూ ఇటూ.

"బతికిందా అమ్మమ్మా?"

ఉండవే! పొద్దు వాలేవేళకి మా అమ్మ చేపల వాసనతో దిగింది. "గది బయటే ఆపేశారే. తలుపు దగ్గరే నుంచున్నా. కాసేపటికి లోపల్నించి కెవ్వుమని వినపడింది" అని ఏడ్చేసింది.

ఇరవై ఒక్క రోజులు రోజూ దాటింది. తర్వాత ఆ పిల్ల ఇంటికెళ్ళిందట. ఎవరని అడిగితే సువార్తమ్మ చెప్పలేదు, ఆసుపత్రి కట్టుబాటట. అందుకే బస్సులో మీ అమ్మ ఈడు ఆడపిల్ల ఎవరు కనపడినా, "తిన్నావా అమ్మా?" అని అడుగుతాను.

గొప్పలన్నీ నావే చిట్టీ. ఆ ఏరు దాటింది మాత్రం మా అమ్మ.

కథ పడవెక్కి కంచి చేరె,
పాప పాలు తాగి ఇల్లు చేరె,
ఊ కొట్టే నా చిట్టి నిద్దర చేరె.