కొండ వెన్ను మీద చెట్లు ఎందుకు వంగాయి

కొండ ఎక్కుతుంటే దారిపొడుగునా చెట్లు మెడ నొప్పెట్టేంత ఎత్తు. తీరా పైకి చేరాక, కొండ వెన్ను మీద చెట్లు మన భుజాల దాకా కూడా రావు. పైగా అన్నీ ఒకే పక్కకి వంగి ఉంటాయి. ఎందుకో చెప్పండి చూద్దాం, పిల్లలూ? తెలీదా? అయితే వినండి.

ఒకప్పుడు కొండ వెన్ను మీది చెట్లే అన్నిటికన్నా పొడుగు. ఆ బాటన నడిచేవాళ్ళకి ఊరూ ఏరూ ఏమీ కనిపించేవి కావు. అందుకని కింద ఊరివాళ్ళు రోజూ సాయంత్రం పొయ్యిలో పచ్చి ఆకు వేసి పొగ పెట్టేవాళ్ళు. పైన వచ్చేవాళ్ళలో ఒకరు చెట్టెక్కి, పొగ ఎటుందో చూస్తే, అందరూ అటు దిగేవాళ్ళు.

ఒకరోజు సింగారమ్మ ఒంటరిగా వచ్చింది. వీపున కట్టుకున్న పాప ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పుట్టింటికి చేరితే అమ్మ పసరు మందు పోస్తుంది. కానీ వానలకి దారి గుర్తులు చెరిగిపోయాయి. ఒక పక్క దిగితే పుట్టిల్లు, ఇంకో పక్క దిగితే పులి తిరిగే లోయ. పాపని దించి చెట్టెక్కే వీల్లేదు.

"నేరేడు బాబాయ్, కాస్త వంగవా? అమ్మ పెట్టిన పొగ చూడాలి."

"భలేదానివే! మబ్బులతో ముచ్చట్లాడే నేను నేలకి వంగాలా?"

మిగతా చెట్లూ వినిపించనట్టే ఊరుకున్నాయి. ఉసిరి చెట్టు మాత్రం ఊరుకోలేకపోయింది. సింగారమ్మ ఎప్పుడొచ్చినా, తను తాగేముందు అంబలి తొలి గుక్క దాని మొదట్లో పోసేది.

'ఎండల్లో నా గొంతు తడిపింది ఈ తల్లే కదా' అనుకుంది ఉసిరి. "గాలి తాతా, నన్ను వంచు!" అని కేకేసింది.

"వంచుతా గానీ, మళ్ళీ లేవలేవే పిచ్చిదానా. నీ ఎత్తంతా పోతుంది."

ఉసిరి ఒక్కసారి ఆకాశం వైపు చూసుకుంది. "పోతే పోనీ తాతా. పాప బతకాలి."

గాలి బలంగా వీచింది. ఉసిరి ఫెళఫెళమంటూ వంగింది. ఆ సందులోంచి సన్నగా, నీలంగా అమ్మ పొగ! సింగారమ్మ చెట్టుకి దణ్ణం పెట్టి పరుగున దిగింది.

కొన్నాళ్ళకి పాప తల్లి చెయ్యి పట్టుకుని, గంతులేస్తూ వచ్చింది. ఉసిరి పొంగిపోయింది. "ఇదిగో ఈ పిల్ల వాళ్ళ అమ్మమ్మ వాకిట్లో కోడిపిల్లల్ని తరమడం రోజూ చూస్తున్నా. ఎత్తుగా ఉన్నప్పుడు ఇవన్నీ ఎక్కడ చూశాను!"

నేరేడు గుటకలు మింగింది. "కోడిపిల్లలా? ఇంకా ఏమేం కనిపిస్తున్నాయే?... తాతా, కాస్త నన్ను కూడా!"

దాని వెనకాలే అన్ని చెట్లూ వంగాయి.

అప్పటినుంచే కొండ వెన్ను మీద చెట్లు పొట్టిగా, ఒకే పక్కకి వంగి ఉంటాయి. అక్కడ నిలబడితే మనకి ఊళ్ళూ ఏళ్ళూ అన్నీ కనిపిస్తాయి. మీరెప్పుడైనా వెళితే, ఆ కొమ్మల్ని ఒక్కసారి ప్రేమగా నిమరండి.

ఇక లేవండి మరి. చింతపండు గింజ తియ్యడం సగంలో ఉంది, నేను వెళ్ళాలి.